పల్లెపట్టున పోరాట చిత్రములు

ఒక పంచాయతీ సమావేశమున వీధిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్ను బకాయిలు చర్చకు వచ్చి ముగిసిన పిదప, చిట్టచివరి కాగితముగా ఒక వింత అర్జీ వచ్చినదనుకొందము. దానిపై ఎనమండుగురు యువకులు సంతకములు చేసియున్నారు. వారిలో ఒకడు కళాశాల విద్యార్థి, ఒకడు ట్రాక్టరు నడుపువాడు, ఇద్దరు పట్టణములో కరాటే నేర్చినవారు, ఒకడు పెండ్లిండ్లకు ఫోటోలు తీయువాడు. మిత్రులందరు కలిసి ఒక పోరాట చిత్రము తీయదలచినారట. సాయంకాలములందు సాధన చేసికొనుటకు పంచాయతీ వారి పాత గిడ్డంగి ముందరి ఖాళీస్థలము దయచేయించవలెనని ప్రార్థన.

సభ్యులలో ఒకరు నవ్వుదురు. ఒకరు ఇవి పనిపాటలు లేనివారి వేషములందురు. వేరొకరు, నిరుడు సెల్‌ఫోనులో బొమ్మ కొరకు చెరువుగట్టు మీదినుండి దుమికి కాలు విరుగగొట్టుకొన్న కుర్రవానిని జ్ఞాపకము చేయుదురు. సర్పంచిగారు కాగితమును దస్త్రములో నుంచి, తరువాత చూతమందురు. పంచాయతీకి సంబంధించినంతవరకు విషయము అంతటితో సమాప్తము.

కాని యువకుల ప్రయత్నము సమాప్తము కాదు. అనుమతి లేకున్నను వారు చిత్రము తీయుదురు. ఊరిబయటి రాతి క్వారీలోనో, నీళ్ళ ట్యాంకు మీదనో, పెద్దల కన్ను పడనిచోట తీయుదురు. సెల్‌ఫోను అందరి చేతనున్న ఈ దినములలో దీనిని ఆపగలవారు లేరు. కనుక, పంచాయతీ ముందున్న ప్రశ్న వారు చిత్రము తీయవలెనా వలదా యన్నది కాదు. క్వారీలో తీయవలెనా, మన కండ్లయెదుట తీయవలెనా యన్నది. అర్జీని దస్త్రములో నుంచుటకు ముందు సభ్యులు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు.

ఇటుకలు చేసిన చేతులు

తూర్పు ఆఫ్రికాలోని యుగాండా దేశమునకు కంపాలా ముఖ్యపట్టణము. ఆ పట్టణపు అంచున వకలీగా అను పేదవారి పేట కలదు. మట్టిబాటలు, తెరచియున్న మురుగుకాలువలు, రేకుల కప్పులు, వాకిళ్ళలో మేకలు, కోళ్ళు. మన పట్టణముల చివరనుండు వాడలకును దానికిని పెద్ద భేదము కానరాదు. ఆ పేటలో ఐజాక్ నబ్వానా అను నాతడు ఇటుకలు చేసి జీవించెడివాడు. ఈదీ అమీన్ పాలనాకాలమున పుట్టి పెరిగినవాడు. బాల్యమున సినిమాలు చూచు భాగ్యము అతనికి లేదు. అన్నలు చూచివచ్చి కథ చెప్పి, పోరాటములను అభినయించి చూపగా, అతడు వానిని మనస్సులోనే చిత్రించుకొనెడివాడట. మన పల్లెలలో కూడ టూరింగు టాకీసుకు పోయివచ్చినవాడు మరునాడు చేనిగట్టున కథ చెప్పుచుండగా నోళ్ళు తెరచుకొని విన్న తరమొకటి ఉండెను. కావున ఈ సంగతి మనకు వింత గాదు.

ఇటుకల వలన కూడబెట్టిన సొమ్ముతో నబ్వానా కొంతకాలము కంప్యూటరు మరమ్మతు నేర్చెను. చిత్రముల కూర్పు, తెరపై తుపాకి మంటలను సృష్టించు పని తనంతట తానే సాధించెను. పాత విడిభాగములతో కంప్యూటరును తానే అమర్చుకొనెను. 2005లో రామన్ ఫిల్మ్ ప్రొడక్షన్స్ అను సంస్థను స్థాపించెను. పేరు ఘనముగా నున్నను, సంస్థ యనగా అతని యిల్లు, ఇంటి ముంగిలి, చుట్టుప్రక్కల నుండు మిత్రులు మాత్రమే. పేటయంతయు రంగస్థలమయ్యెను, ఇరుగుపొరుగువారే నటులైరి. ఎవరికిని జీతము లేదు. అతని భార్య హారియెట్ సంస్థ పనులలో సమభాగము వహించెను.

అతని చిత్రములలో పెక్కు పోరాట చిత్రములే. బ్రూస్ లీ నటించిన హాంగ్‌కాంగు చిత్రములు, అమెరికా వారి తుపాకి చిత్రములు కంపాలాలోని చిన్న వీడియోశాలలలో విరివిగా ప్రదర్శింపబడెడివి. ఆ శాలలలో ఒక విచిత్రమైన ఆచారము కలదు. పరభాషా చిత్రము ఆడుచుండగా ఒక వ్యాఖ్యాత మైకు పట్టుకొని లుగాండా భాషలో కథ చెప్పుచు, పాత్రలను పరిహసించుచు, ప్రేక్షకులను ఉత్సాహపరచుచుండును. అతనిని వీడియో జోకర్ అందురు. మూకీ చిత్రముల కాలమున మన దేశములో కూడ తెరప్రక్కన నిలిచి కథ చెప్పువారు ఉండిరి. నబ్వానా ఈ వ్యాఖ్యాతను తన చిత్రములో ఒక భాగముగనే చేర్చుకొనెను. ఎమ్మీ అను వ్యాఖ్యాత కంఠము ఆ చిత్రములకు ప్రాణమైనది. పేదరికమున వచ్చిన లోపములను ప్రేక్షకుడు ఎత్తిచూపుటకు ముందే వ్యాఖ్యాత ఎత్తిచూపి నవ్వించును. ఇదొక మంచి ఉపాయము.

ఈ బృందములో ఎవరి విద్య వారిది. బుకెన్యా చార్లెస్ అను నాతడు కుంగ్‌ఫూ తెలిసినవాడు. బ్రూస్ లీ మీది అభిమానముతో బ్రూస్ యు అని పేరు పెట్టుకొనెను. పోరాట ఘట్టములను కూర్చుట, నటులకును పేటలోని పిల్లలకును ఆ విద్య నేర్పుట అతని వంతు. దౌదా బిసాసో అను నాతడు లోహపు పని తెలిసినవాడు. పాత ఇనుము, వాహనముల విడిభాగములు తెచ్చి ఉత్తుత్తి తుపాకులు, కెమేరాను ఎత్తి దింపు సాధనములు, తుదకు హెలికాప్టరు చట్రము కూడ తయారుచేసెను. మన గ్రామములలో నాగలి కర్రు సాగదీయు కమ్మరి, ఆయిలింజను బాగుచేయు మెకానిక్కు ఇట్టి పనికి తీసిపోరు. చిత్రము తీయుటయనగా నటులు మాత్రమే యని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. అర్జీలోని ట్రాక్టరు నడుపువాడు ఊరకే సంతకము చేసియుండడు.

నెత్తురు చూపుటకు వారు పడిన పాట్లు చెప్పదగినవి. తొలుత వారు నిజమైన పశువుల నెత్తురు వాడిరి. దాని మూలమున ఒక నటుడు జబ్బుపడెను. పశువులనుండి మనుష్యులకు సోకు బ్రూసెల్లోసిస్ వ్యాధి గురించి పాడి పశువులను పెంచు మన గ్రామస్థులకు కొంత తెలిసియే యుండును. అటుపిమ్మట వారు ఆ పద్ధతి మాని, వంటలలో వాడు ఎఱ్ఱరంగును నీటిలో కలిపి, ఆరోగ్యశాఖవారు ఉచితముగా పంచు కుటుంబ నియంత్రణ తొడుగులలో నింపి, దుస్తుల క్రింద కట్టి, చేపల గాలపు దారముతో లాగి పగులగొట్టసాగిరి. ఖర్చు స్వల్పము, జబ్బు భయము లేదు.

2010లో వారు తీసిన "కెప్టెన్ అలెక్స్‌ను ఎవరు చంపిరి?" అను చిత్రమునకు అయిన వ్యయము రెండు వందల అమెరికా డాలర్లకు లోపేయని ప్రసిద్ధి. చిత్రములను డిస్కులపై ముద్రించి నటులే ఇంటింటికి తిరిగి అమ్మెడివారు. వచ్చిన దానిలో సగము అమ్మినవానిది. చిత్రము విడుదలయైన వారము దినములలో అమ్ముకొనవలెను. ఆపైన దొంగప్రతులు బజారులోనికి వచ్చెడివి. ప్రచారచిత్రమును ఇంటర్నెట్టులో నుంచగా లోకము నలుమూలల నుండి లక్షలమంది చూచిరి. 2011లో న్యూయార్కు నుండి ఆలన్ హాఫ్‌మానిస్ అను నాతడు దానిని చూచి వకలీగాకు పోయి, తరువాత అచ్చటనే నివాసమేర్పరచుకొని నటుడును సహాయకుడును అయ్యెను. 2015లో బృందమువారు ఇంటర్నెట్టు ద్వారా 160 డాలర్ల చందా కోరగా 13 వేల డాలర్లకు పైగా వచ్చినది. 2016లో "బ్యాడ్ బ్లాక్" అను చిత్రమునకు అమెరికాలోని ఆస్టిన్ నగర చిత్రోత్సవమున ప్రేక్షకుల బహుమతి లభించినది. పిల్లలను ఎత్తుకొనిపోయిన దుండగులను కుంగ్‌ఫూ తెలిసిన ఆ పిల్లలే ఓడించు కథగల "క్రేజీ వరల్డ్" చిత్రము 2019లో కెనడాలోని టొరంటో చిత్రోత్సవమున ప్రదర్శింపబడినది.

ఇంత పేరు వచ్చిన బృందమునకు ఒక తీరని నష్టము కూడ కలిగినది. కంప్యూటరులో చోటు చాలక, తదుపరి చిత్రమునకు తావు చేయుటకై పాత చిత్రముల మూలప్రతులను చెరిపివేసెడివారు. ఆ విధముగ "కెప్టెన్ అలెక్స్" మూలప్రతి నశించెను. వ్యాఖ్యాత కంఠము చేరియున్న ప్రతి మాత్రమే నేడు మిగిలియున్నది. భూమి దస్తావేజుకు నకలు తీయించి వేరొకచోట దాచుకొను రైతుకు దీని బాధ వివరింపనక్కరలేదు.

వకలీగా సంగతి ఇంత విపులముగ చెప్పుటకు కారణము, దానిని చూచి మన యువకులందరు విదేశములకు పోవుదురని కాదు. ఆ బృందమునకు ప్రభుత్వధనము లేదు, స్టూడియో లేదు. ఉన్నవి రెండే: ఒక ముంగిలి, చూచుచు నిలుచున్న పేట ప్రజలు. చూచువారుండుట వలన పిల్లలకు నిత్యసాధన అలవడినది. ఈ రెండును ఏ గ్రామమునందైనను ఉన్నవే.

తగులని దెబ్బ తగిలినట్లు కనబడుట

తెరపై కనబడు పోరాటము పోరాటము కాదు. అది యొక విధమగు కోలాటము. కోలాటమున ఎవరి కర్ర ఎప్పుడు ఎచ్చట తగులవలెనో ముందుగనే నిర్ణయమైయున్నట్లు, ఇచటను ప్రతి దెబ్బయు లెక్క ప్రకారము జరుగును. కొట్టువానికంటె దెబ్బ తినువానికి నేర్పు ఎక్కువ కావలెను. పిడికిలి అతని ముఖమునకు జానెడు దూరముననే పోవును. కెమేరాను కొట్టువాని భుజము వెనుక నుంచినచో ఆ జానెడు ఎడము కంటికి ఆనదు. పిడికిలి ముఖరేఖను దాటుసరికి దెబ్బ తినువాడు తలను చివ్వున త్రిప్పవలెను. చప్పుడు పిమ్మట చేర్చుదురు. తడిగుడ్డను బండపై కొట్టిన చప్పుడు, పచ్చి క్యాబేజీని విరిచిన చప్పుడు ఇందులకు బాగుగ పనిచేయును. ప్రక్కనుండి చిత్రించినచో ఎడము బయటపడి నవ్వులపాలగును. క్రొత్తగా తీయువారందరు మొదట చేయు తప్పు ఇదియే. ఎడము కనబడుచున్నదని గ్రహించి, కెమేరాను కదపుటకు మారుగా పిడికిలిని దగ్గరకు జరుపుదురు. గాయములు మొదలగునది అచ్చటనే.

వేగము కూడ కొంత కనికట్టే. సాధారణముగ చలనచిత్రమున సెకనుకు 24 బొమ్మలు నడచును. హాంగ్‌కాంగు వారు పోరాటమును సెకనుకు రెండు మూడు బొమ్మలు తక్కువగ తీసి, మామూలు వేగమున నడిపి, కదలికలకు చురుకుదనము కల్పించెడివారు. నేడు సెల్‌ఫోనులోని కూర్పు సాధనములతోనే ఈ పని అగుచున్నది. కాబట్టి నటులు ప్రమాదకరమైన వేగమున కదలనక్కరలేదు. మెల్లగ, స్పష్టముగ చేసిన పోరాటమే కూర్పునకు అనుకూలము.

ఈ విద్యలో మనవారు మొదటి మెట్టున లేరు. కర్రసాము, కత్తిసాము, కుస్తీ మన గ్రామములలో అనాదిగ ఉన్నవి. తాలింఖానాలలో గురువు ఎదుట మ్రొక్కి మట్టిలో దిగిన తరములు మనవి. కోడి రామమూర్తి నాయుడుగారి బలప్రదర్శనలను గూర్చి ఉత్తరాంధ్ర గ్రామములలో నేటికిని చెప్పుకొందురు. పీర్ల పండుగలందు, జాతరలందు కర్ర త్రిప్పు వృద్ధులు ఇప్పటికిని అచ్చటచ్చట కలరు. కరాటే నేర్చిన కుర్రవాండ్రు అట్టి వృద్ధునివద్ద నాలుగు సాయంకాలములు కూర్చుండినచో, చిత్రమునకు ఎచ్చటను లేని కొత్తదనము వచ్చును. హాంగ్‌కాంగును అనుకరించు చిత్రములు లోకములో వేలకొలది గలవు. మన ఊరి కర్రసామును చూపిన చిత్రము ఒక్కటి యున్నను విలువగలదే.

జాకీ చాన్ పడిన కొమ్మ

ఇక సభ్యుల ముఖ్యభయము. అది న్యాయమైన భయమే.

జాకీ చాన్ పేరు వినని కుర్రవాడు లేడు. అతడు హాంగ్‌కాంగులో బాల్యమున పదేండ్లపాటు సంగీత నాటక పాఠశాలలో పల్టీలు, దుముకుటలు, ఆయుధవిద్య కఠినశిక్షణతో నేర్చినవాడు. అట్టివాడు 1986 ప్రాంతమున "ఆర్మర్ ఆఫ్ గాడ్" అను చిత్రము కొరకు యుగోస్లావియాలో ఒక గోడపైనుండి చెట్టుకొమ్మకు దుమికెను. మొదటిమారు సవ్యముగనే వచ్చినది. ఇంకను బాగుగ రావలెనని మరల దుమికెను. కొమ్మ విరిగినది. తల రాతికి తగిలి పుఱ్ఱె పగిలినది. మెదడుకు శస్త్రచికిత్స జరిగినది. ఒక చెవికి వినికిడి తగ్గినది. ఆ గోడ తాటిచెట్టంత ఎత్తు కాదు. మన పాఠశాల మేడంత ఉండునేమో.

బ్రూస్ లీ కుమారుడు బ్రాండన్ లీ 1993లో అమెరికాలో ఒక చిత్రీకరణ సమయమున, గుండు లేదని తలచిన తుపాకినుండి వెలువడిన లోహపు ముక్క తగిలి మరణించెను. వారి వద్ద నిపుణులుండిరి, ధనముండెను. కనుక మన కుర్రవాండ్రు నిజమైన తుపాకి, నిజమైన కత్తి, నాటుబాంబులు, దీపావళి మందు చేతబట్టరాదనుట పెద్దల చాదస్తము కాదు. కొయ్యతో చేసిన తుపాకి చాలును. మంటను కంప్యూటరు చేర్చును. వకలీగా వారు చేసినది అదియే. కొయ్య తుపాకియైనను బాటసారికి నిజమైనదిగ కనబడవచ్చును గనుక, చిత్రీకరణకు ముందు ఆ ప్రాంతపు పోలీసు ఠాణాకు ఒక కాగితము పంపుట అవసరము.

పంచాయతీ స్థలము ఇచ్చుటలోని గొప్ప ప్రయోజనము ఇచ్చటనే కలదు. సిమెంటు చప్టాపై పల్టీ నేర్వరాదు. కోతలయినపిమ్మట వరిగడ్డి ఊరిలో కొరత కాదు. మోకాటి యెత్తు గడ్డి పరచి, పైన గోనెసంచులు కుట్టిన పట్టాను బిగించి కట్టినచో పడుటకు మంచి పరుపగును. ఏటి ఇసుక కూడ పనికివచ్చును గాని, దానిలోని రాళ్ళను, గాజుపెంకులను ప్రతిదినము ఏరవలెను. ఎత్తునుండి దుముకుట తమ నిలువెత్తుకు మించరాదని కట్టడి చేయవచ్చును. తెరపై ఎత్తు చూపుటకు కెమేరాను నేలకు ఆనించి తీసిన చాలును; అరుగుమీదినుండి దుమికినను మేడమీదినుండి దుమికినట్లే కానవచ్చును.

తలకు దెబ్బ తగిలి, పిమ్మట వాంతియైనను, మగతగానున్నను, తలనొప్పి పెరుగుచున్నను, మాట తడబడినను, ఒక నిద్రపోయిన తగ్గునని ఇంట పరుండబెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మెడ బెణికినదనిపించినచో పదిమంది ఎత్తి మోయరాదు, కదలింపక 108 వాహనమును పిలువవలెను. ఇవి సాధనస్థలమున ఒక పలకపై వ్రాసి వ్రేలాడదీయదగిన మాటలు. క్వారీలో ఇట్టి పలక యుండదు. పిలుచుటకు మనిషియు ఉండడు.

చిన్నపిల్లల విషయము ప్రత్యేకముగ చూడవలెను. వృత్తి చిత్రములలో బాలనటులను దినమునకు 5 గంటలకు మించి పనిచేయింపరాదనియు, విశ్రాంతి లేక వరుసగ 3 గంటలకు మించి ఉంచరాదనియు బాలకార్మిక నిబంధనలు చెప్పుచున్నవి. ఔత్సాహిక బృందమునకు కూడ ఇది మంచి కొలతయే. తలిదండ్రుల సంతకము లేనిదే పిల్లలను కెమేరా ముందు నిలుపరాదు. పాఠశాల వేళలందు చిత్రీకరణ కూడదు.

బాలికల మాట కూడ చెప్పవలెను. అర్జీపై ఎనమండుగురి పేర్లలో ఒక్క బాలిక పేరైనను లేకుండుట సాధారణము. వారికి కోరిక లేక కాదు. సాయంకాలము ఊరిబయటకు పోనిచ్చువారు లేక. వకలీగా పిల్లల బృందమున బాలికలు కుంగ్‌ఫూ చేయుచున్నారు. సాధన పంచాయతీ స్థలమున, దీపపు వెలుగున, ఒక మహిళాసభ్యురాలి యెరుకలో జరిగినచో తల్లులు పంపుటకు జంకరు. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి గనుక ఇట్టి సభ్యురాలికి కొరత లేదు.

దగ్గరి దృష్టాంతములు

ఇవి యుగాండాలో చెల్లును గాని మనకు చెల్లునా యని సందేహించువారికి నెల్లూరు సంగతి చెప్పవలెను. "సరిలేరు నీకెవ్వరు" చిత్రము 2020లో విడుదలయైనది. అదే సంవత్సరమున, నెల్లూరు కుర్రాళ్ళు అను పేరుతో కొందరు పిల్లలు అందలి పోరాట ఘట్టమును సెల్‌ఫోనుతో తామే చిత్రించి ఇంటర్నెట్టులో నుంచిరి. మూలచిత్రములోని కోణములను, కదలికలను ఒక్కొక్కదానిని గమనించి తీసిన ఆ ముక్కను చిత్రపరిశ్రమలోని వారే మెచ్చుకొనిరి. 2021లో వారు "వకీల్ సాబ్" ప్రచారచిత్రమును అదే రీతిగ పునఃసృష్టించిరి. ఇచ్చట ఒక మాట. ఉన్న ఘట్టమును అనుకరించుట మంచి పాఠము. చేతివ్రాతకు దిద్దుబాటు వంటిది. కాని అందలి సంగీతము, సంభాషణలు ఇతరుల సొత్తు. వానిని వాడి డబ్బు గడింపబూనినచో చిక్కులు వచ్చును. ఏడాది దిద్దిన పిమ్మట సొంత కథ వ్రాయుట మేలు.

మహారాష్ట్రలోని మాలేగాఁవ్ మరమగ్గముల పట్టణము. అచ్చట వీడియోశాల నడిపిన నాసిర్ షేక్, ఆయన మిత్రులు 2000లో "షోలే" చిత్రమును తమ యాసలో హాస్యముగ తిరిగి తీసిరి. వారి శ్రమను గూర్చి 2008లో ఒక డాక్యుమెంటరీ చిత్రము వెలువడినది. సైకిలుపై కెమేరామనిషిని కూర్చుండబెట్టి త్రోయుట, ఎద్దుబండి కాడిని పైకెత్తి క్రేనుగ వాడుట అందు చూడవచ్చును. ఎద్దుబండ్లు మన గ్రామములలో తరిగిపోవుచున్నవి గాని, ఉన్నవాటికి ఇదొక క్రొత్త ఉపయోగము.

తీర్మానమున ఏమి వ్రాయవలెను

ధనము ఇచ్చుట తొందరపాటు. తొలుత ఇవ్వవలసినది స్థలము, వేళ. వారమునకు మూడు సాయంకాలములు, చీకటిపడిన ఒక గంటవరకు అని స్పష్టముగ వ్రాయుట మంచిది. లేనిచో ఇరుగుపొరుగువారు అరుపుల గూర్చి వచ్చే నెల మరియొక అర్జీ పెట్టుదురు. బృందమువారు తమలో ఒకనిని బాధ్యునిగ పేర్కొనవలెను. వచ్చినవారి పేర్లు, తగిలిన దెబ్బలు వ్రాయు పుస్తక మొకటి ఉంచవలెను. చిన్న దెబ్బలను దాచు అలవాటు పోరాటములు నేర్చువారికి మెండు; పుస్తకములో వ్రాయుట విధియైనచో ఒకే పల్టీకి నలుగురు మణికట్టు బెణికించుకొన్న సంగతి నాలుగవ దినముననే తెలియును.

చిత్రము పూర్తియైనపిమ్మట దానిని బహిరంగముగ ప్రదర్శింపదలచినచో 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము అడ్డువచ్చును. ప్రజాప్రదర్శనకు ధ్రువపత్రము కావలెను. 2023లో చట్టమును సవరించి, పెద్దల మార్గదర్శకత్వమున చూడదగిన చిత్రములను 7, 13, 16 ఏండ్ల వయస్సులనుబట్టి విభజించిరి. తమవారు తమలో చూచుకొనుట వేరు, టిక్కెట్టు పెట్టి ఊరందరికి చూపుట వేరు. పంచాయతీ వారికి ఇందులో ఆదాయపు సంగతి కూడ కొంత యున్నది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపిమ్మట రాష్ట్రముల వినోదపు పన్ను అందు కలిసిపోయినను, పంచాయతీలు, పురపాలక సంఘములు విధించి వసూలుచేయు వినోదపు పన్నుకు రాజ్యాంగమున చోటు మిగిలియే యున్నది. అయినను ఎనమండుగురు కుర్రవాండ్ర తొలిచిత్రముపై పన్ను ఆలోచించు పంచాయతీ ఉండదనియే తలతును.

ఖర్చుకు వారే దారి వెదకుకొందురు. పెండ్లి ఫోటోలు తీయువాని వద్ద కెమేరా యున్నది. లేనిచో సెల్‌ఫోను చాలును. అయితే ఒక్క వస్తువు కొనుటకు మాత్రము పెద్దలెవరైన చేయూతనిచ్చిన మేలు. అది చిత్రములను దాచు హార్డుడిస్కు. ఒకటి కాదు, రెండు. ఒకటి బృందమువద్ద, రెండవది పంచాయతీ కార్యాలయపు బీరువాలో ఉండవలెను. ఇరువది యేండ్ల పిమ్మట ఆ చిత్రములోని పోరాటమును ఎవరు చూచినను చూడకపోయినను, వెనుక కనబడు పాత రచ్చబండను, కర్ర త్రిప్పిన ముసలివానిని చూచుటకు మాత్రము ఊరంతయు వచ్చును.

అనుమతిని మొదట మూడు నెలలకు మాత్రమే ఇచ్చి, గడువు తీరునాటికి అయిదు నిమిషముల ముక్క నొకదానిని చిత్రించి సభ్యులకు చూపవలెనని షరతు వ్రాయవచ్చును. ఆ నాటి సమావేశమున వీధిదీపముల చర్చను ముందుగనే ముగించుకొనుట మంచిది. తెర కట్టగానే కుర్రవాండ్రు మొట్టమొదట దీపము ఆర్పుడని అడుగుదురు.